గవ్వ ఎందుకు చిక్కిపోయింది

మొంథా తుఫాను వెళ్లిన మూడో రోజు. మా వీధికి కరెంటు ఇంకా రాలేదు. పగటి వెలుతురు ఉండగానే పెళ్లివాళ్ల జాకెట్లు నాలుగు పూర్తి చేసేద్దామని మిషను ముందు కూర్చున్నాను. మిషను కింద గుడ్డపీలికల కుప్పలో మా కోడిపెట్ట గవ్వ పడుకుని ఉంది. నేను కాలు ఆడించాలంటే దాన్ని పక్కకి జరపాలి. ఎప్పటిలాగే రెండు చేతులూ దాని పొట్ట కింద పెట్టి ఎత్తాను. నిండు బిందె అనుకుని ఖాళీ బిందె ఎత్తినట్టు, చేతులు నేననుకున్నదానికంటే పైకి లేచిపోయాయి.

పదహారేళ్లుగా బట్టలు కుడుతున్నాను. గుడ్డ చేతిలోకి తీసుకుంటే నూలెంతో, కల్తీ ఎంతో వేళ్లే చెప్పేస్తాయి. ఆ వేళ్లే ఈకల కిందికి వెళ్లి ఆగిపోయాయి. రొమ్ము మధ్యలో ఉండే నిలువు ఎముక కత్తి అంచులా తగిలింది. ఆ ఎముకకి అటూ ఇటూ కండ నిండుగా ఉండాల్సిన చోట గుంటలు పడి ఉన్నాయి.

పైకి మాత్రం ఏమీ తెలియడం లేదు. ఈకలు ఉబ్బించుకుని గుండ్రంగా, చక్కగా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను, మేత వేస్తూనే ఉన్నాను. ఎత్తుకుని ఎన్నాళ్లయిందో లెక్క వేసుకుంటే మాత్రం శ్రావణం నుంచి ఎత్తుకోలేదు. ఆ రోజంతా అదే బాధ.

గవ్వ గురించి కొంచెం చెప్పాలి. మా అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో కోళ్లు ఉన్నాయి. మూడేళ్ల కిందట ఒక పెట్ట పదకొండు గుడ్లు పొదిగితే పది పిల్లలయ్యాయి. తల్లి వాటిని తీసుకుని దొడ్లోకి వెళ్లిపోయింది. పదకొండో గుడ్డు మధ్యాహ్నానికి పగిలింది. చల్లబడిపోయిన పిల్లని లైనింగు గుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టి, బల్బు కింద ఉంచాను. గవ్వ రంగు పిల్ల, అందుకే ఆ పేరు. మిషను చప్పుడు వింటూ పెరిగింది. పెద్దదయ్యాక కూడా దొడ్లో తిరిగి తిరిగి, మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి వచ్చి పీలికల్లో పడుకుంటుంది. తొలి గుడ్డు కూడా ఆ పీలికల్లోనే పెట్టింది.

వేసవి సెలవల్లో మా పాప సరదాగా కోళ్లన్నిటినీ సంచిలో పెట్టి తూచి, గోడ క్యాలెండరు వెనక రాసింది. అది ఇంతగా పనికొస్తుందని అప్పుడు తెలియదు. మే నెలలో గవ్వ 1,640 గ్రాములు. ఇప్పుడు వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెడితే 1,060. మూడో వంతుకి పైగా ఒళ్లే పోయినట్టు. కొట్టాయన కూడా కాటా సున్నాకి తెచ్చి మళ్లీ తూచాడు. అంతే వచ్చింది.

మొదట నాకు నేను చెప్పుకున్న కారణం గుడ్లు పొదగడం. శ్రావణంలో కూర్చుంది. పొదిగే పెట్ట ఆ 21 రోజులూ రోజుకొక్కసారి లేచి, నాలుగు గింజలు తిని, రెట్ట వేసి, మళ్లీ పరుగున వెళ్లి కూర్చుంటుంది. తరవాత పిల్లల్ని వెంటేసుకుని తిరిగినన్నాళ్లూ దొరికిన పురుగల్లా వాటికే చూపిస్తుంది. చిక్కడం మామూలే. ఆ పైన ఈకలు రాల్చుకుంది. కొత్త ఈకలు రావడానికి ఒంట్లో బలమంతా అటే పోతుంది, గుడ్లు ఆగిపోతాయి. ఇవన్నీ నిజమే. కానీ పిల్లలు తల్లిని వదిలేశాయి, కొత్త ఈకలు పూర్తిగా వచ్చేశాయి. ఈపాటికి కోలుకోవాలి కదా? కొత్త ఈకల వల్లే అది బొద్దుగా కనపడి నన్ను ఏమార్చింది.

పక్కింటి పిన్నిగారు చూసి, "జబ్బు కోడిని పెట్టుకుని ఏం చేస్తావమ్మా, కార్తీకం కాబట్టి ఊరుకున్నాం గానీ, ఇంకో నాలుగు రోజులుంటే కోతకి కూడా పనికిరాదు" అన్నారు. ఆవిడ చెడ్డమాట అనలేదు, కోళ్లున్న ఏ ఇంట్లోనైనా అనుకునే మాటే అది. మా ఇంట్లోనూ కోళ్లు కోసుకుంటాం. కానీ గవ్వని ఆ లెక్కలో ఎప్పుడూ చూడలేదు. దానికి ఏమైందో తెలుసుకోకుండా వదలనని ఆ సాయంత్రమే అనుకున్నాను.

సాయంత్రం గంపలో విడిగా మూసి పెట్టాను. గంప కింద పాత పేపరు పరిచాను. పడుకునే ముందు మెడ కింద, కొంచెం కుడివైపున ఉండే మేతసంచిని తడిమాను. రోజంతా తిరిగిన కోడికి అది జొన్నలు మూటకట్టినట్టు నిండి ఉండాలి. గవ్వది సగానికి పైనే ఉంది. అంటే తింటోంది. తెల్లవారుజామున, మేత పెట్టకముందే మళ్లీ తడిమాను. ఖాళీ. ఇది చాలా ముఖ్యం. పొద్దునకీ సంచి గట్టిగా ఉండలా ఉంటే గడ్డీ పీచూ చుట్టుకుని దారి మూసుకుపోయినట్టు. మెత్తగా నీళ్లతిత్తిలా ఉండి నోట్లోంచి పులిసిన వాసన వస్తే లోపల మేత పులిసిపోతున్నట్టు. గవ్వకి రెండూ కావు. మేత లోపలికి వెళ్తోంది, కిందికి దిగుతోంది. మరి ఒంటికి పట్టడం లేదు.

నోరు తెరిచి చూశాను. తెల్ల మచ్చలు లేవు, వాసన లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విన్నాను, గురక లేదు. అరికాళ్లలో ఆనె, పుండు లేవు. పొట్ట నీరు పట్టినట్టు లేదు. తరవాత తోక కింద రెండు ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూశాను. గుడ్లు పెడుతున్న పెట్టకి ఆ రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి. గవ్వకి ఒక్క వేలు కష్టం మీద పట్టింది. గుడ్డు అడ్డం పడిన జబ్బూ కాదు, అసలు గుడ్డు ఆలోచనే దాని ఒంట్లో లేదు.

రెక్కల కింద ఆవగింజంత నల్లటి గింజలు నాలుగైదు కనిపించాయి. కొత్త ఈకలు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందేమో అనుకుని వదిలేశాను. ఆ ఆవగింజల సంగతి మళ్లీ చెబుతాను.

పొద్దున పేపరు మీద రెట్టలు చూశాను. ఇది రాస్తుంటే ఎవరికైనా ఎబ్బెట్టుగా అనిపించొచ్చు. కానీ కోడి నోరు విప్పి చెప్పలేనిదంతా రెట్టలోనే ఉంటుంది. గోధుమరంగు ఉండ మీద తెల్లటి టోపీ పెట్టినట్టు ఉంటే మంచి రెట్ట. ఆ తెలుపు దాని మూత్రం. మధ్యమధ్య బెల్లం పాకంలా జిగటగా, ఘాటు వాసనతో ఒకటి వేస్తుంది. అదీ మామూలే, పేగుల చివరి తిత్తుల్లోంచి వచ్చేది. పచ్చగా నీళ్లలా ఉంటే కడుపులో మేత లేక పిత్తం ఒక్కటే దిగుతున్నట్టు. గవ్వ రెట్టలు కొంచెం పలచగా ఉన్నాయి. ఒకదాని మీద ఉడికిన నూక లాంటి తెల్ల ముక్క కనిపించింది. నిన్న పెట్టిన నూకలు అరక్కుండా వచ్చేశాయేమో అని వంగి చూస్తే అది ముడుచుకుని, మళ్లీ సాగింది. కదులుతోంది. ఒళ్లు జలదరించింది.

పేపరు ముక్కతో సహా తీసి అగ్గిపెట్టెలో పెట్టాను. గవ్వని బుట్టలో పెట్టుకుని ఆటోలో మండలం పశువుల ఆసుపత్రికి వెళ్లాను. వరసలో నా ముందు రెండు దూడలు, ఒక కుక్క, నాలుగు మేకలు. కోడిని పట్టుకుని వచ్చింది నేనొక్కదాన్నే. డాక్టరుగారు నవ్వలేదు. ఆ సంగతి నాకు గుర్తుండిపోయింది.

ఆయన మొదట అడిగింది మిగతా కోళ్ల గురించి. ఇంట్లోగానీ వీధిలోగానీ కోళ్లు చచ్చిపోతున్నాయా, ఒక్కసారిగా మేత మానేశాయా అని. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పటి నుంచి ఇక్కడ కోడి తుమ్మినా జనానికి భయమే. అలాంటిదేమీ లేదని చెప్పాను. "బర్డ్ ఫ్లూ అయితే ఇలా నెలల తరబడి నెమ్మదిగా చిక్కదమ్మా, చూస్తుండగానే పక్కపక్కవి పడిపోతాయి" అన్నారు. కొక్కెర తెగులుకి టీకా వేయించారా అని అడిగారు. చిన్నప్పుడు రెక్క కింద వేయించాం. ఆ తెగులు గుర్తులు, మెడ మెలితిప్పడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, కాలు ఈడ్వడం, ఏవీ లేవు. థర్మామీటరు పెట్టి చూస్తే 106 డిగ్రీలు వచ్చింది. నేను కంగారుపడ్డాను. కోడికి అదే మామూలు వేడి అని చెప్పారు. మనకి 98.6 ఎలాగో దానికి 106 అలాగ.

అగ్గిపెట్టెలోది తీసి, అటెండరు గారు ఉప్పు బాగా కరిగించిన నీళ్లలో కలిపి, వడగట్టి, చిన్న సీసాలో నిలబెట్టారు. చిక్కటి ఉప్పునీళ్లలో పురుగుల గుడ్లు తేలికై పైకి తేలతాయట. పైన తేలినదాన్ని అద్దం మీద వేసి మైక్రోస్కోపులో పెట్టారు. నన్నూ చూడమన్నారు. కోలగా, దళసరి పెంకుతో, అచ్చం కోడిగుడ్డు ఆకారంలోనే ఉంది ఏలికపాము గుడ్డు! కోడి కడుపులో కోడిగుడ్డు లాంటి ఇంకో గుడ్డు. నేను చాలాసేపు కన్ను తియ్యలేదు.

కదిలిన నూక ముక్క బద్దెపురుగు తునక. అది తెగి రెట్టతో బయటికొస్తుంది. అందులోని గుడ్లని ఈగలో చీమలో పేడపురుగులో తింటాయి. వాటిని కోడి తింటుంది. అలా మళ్లీ కడుపులోకి చేరుతుంది. ఏలికపాముకి అలా మధ్యలో ఎవరూ అక్కర్లేదు. దాని గుడ్లు తడినేలలో పడి ఒకటి రెండు వారాల్లో ముదురుతాయి, అక్కడ గింజ ఏరుకున్న ఏ కోడికైనా ఎక్కేస్తాయి. ఆషాఢం నుంచి మా దొడ్డి ఆరింది లేదు, ఆ పైన తుఫాను. మందు కూడా రెండు రకాల పురుగులకీ పనిచేసేది చూసుకోవాలని, మామూలుగా కొట్లో ఇచ్చే పైపరజీన్ ఏలికపాముల్ని పంపిస్తుంది గానీ బద్దెపురుగుల్ని ఏమీ చెయ్యదని చెప్పారు. ఇంతకుముందు నేను వేసింది అదే. బరువు చూసి మందు, మోతాదు ఆయనే రాసిచ్చారు. మిగతా మూడు కోళ్లకీ వెయ్యమన్నారు.

మర్నాడు గంప కింద పేపరు మీద తెల్లగా, జానెడులో సగం పొడుగున దారాల్లాంటివి పదిహేను దాకా పడ్డాయి. అవి చూసి నాకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది. దొరికింది శత్రువు అనుకున్నాను.

పది రోజులు వసారాలో గంప కిందే ఉంచాను. పొద్దున నానబెట్టిన నూకలు, తవుడు కలిపి ముద్ద. మధ్యాహ్నం మునగాకు. మా ఆయన పొలం గట్టు మీద పుట్ట తవ్వి చెదలు తెచ్చేవారు. కొబ్బరిచిప్పలో చెదలు పోసి పెడితే గవ్వ ఎలా తినేదో చూడాలి. సాయంత్రం ఉడికించిన గుడ్డు సగం. పాప కొట్టుకి తీసుకెళ్లి తూచుకొచ్చి క్యాలెండరు వెనక రాసేది. పదో రోజుకి 1,190. అమ్మయ్య అనుకుని మిగతావాటితో పాటు గూటికి పంపేశాను.

రెండు వారాలు గడిచాయి. పెళ్లిళ్ల రోజులు కావడంతో మిషను మీంచి లేవలేదు నేను. ఒక మధ్యాహ్నం గవ్వ పీలికల్లోకి వచ్చి కూర్చుంటే దాని తురాయి చూసి గుండె ఝల్లుమంది. ఎర్ర లైనింగు గుడ్డ నాలుగు ఉతుకులకి వెలిసిపోయినట్టు ఉంది. కనురెప్ప కిందికి లాగి చూశాను. లోపల పాలిపోయి ఉంది. బరువు 1,090.

మళ్లీ అగ్గిపెట్టె, మళ్లీ ఆటో. ఈసారి రెట్టలో ఏమీ లేదు. ఒక్క గుడ్డు కూడా తేలలేదు. పురుగులు పోయాయి, కోడి మాత్రం చిక్కుతోంది. డాక్టరుగారు రక్తం పట్టే మందు రాసి, "ఎక్కడో రక్తం పోతోందమ్మా, ఇంట్లో గమనించి చూడండి" అన్నారు. ఎక్కడ పోతుంది? రెట్టలో ఎరుపు లేదు, ఒంటి మీద గాయం లేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర పాప క్యాలెండరు తిప్పి చూస్తూ, "అమ్మా, వసారాలో ఉన్నన్నాళ్లూ పెరిగింది, గూటికెళ్లాక తగ్గింది" అంది. అంకెలు రాసింది అదే, చదివిందీ అదే. నాకు ఎందుకు తట్టలేదో!

అయితే మిగతా కోళ్లు దీన్ని మేత దగ్గరికి రానివ్వడం లేదనుకున్నాను. పొదుగుకి కూర్చుని, పిల్లల వెనక తిరిగి వచ్చిన పెట్టకి గుంపులో పాత స్థానం ఉండదు. మళ్లీ పొడిపించుకుని, పొడిచి సంపాదించుకోవాలి. మర్నాడు పని పక్కన పెట్టి, దొడ్లో పీట వేసుకుని పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒకటి రెండు సార్లు డేగ రంగు పెట్ట దీన్ని తరిమింది, నిజమే. కానీ గవ్వ పక్కకి వెళ్లి, చుట్టు తిరిగి వచ్చి, మిగతావాటికంటే ఎక్కువే తింది. సంచి నిండింది. ఆ తిన్నదంతా ఎవరి నోట్లోకి పోతోంది?

మా అత్తయ్యగారికి చూపు సరిగ్గా ఆనదు. వసారాలో మంచం మీద కూర్చుని అన్నీ వింటూ ఉంటారు. రాత్రి నేను మా ఆయనతో ఇదంతా చెప్పుకుంటుంటే ఆవిడ అక్కడి నుంచే అన్నారు. "పగలల్లా కూర్చుని చూస్తే ఏం కనపడద్దే అమ్మాయ్. మా అమ్మ కోళ్లు చిక్కితే రాత్రిపూట దీపం పట్టుకెళ్లేది. గూట్లో ఆ తాటి దూలం ఇంకా ఉందా?"

ఉంది. మా మావయ్యగారు కట్టిన గూడు అది. ఇటుక, మట్టి, పైన పెంకు. లోపల కోళ్లు ఎక్కి కూర్చోవడానికి రెండు తాటి దూలాలు వేశారట. ముందువైపుది రెండేళ్ల కిందట పుచ్చి విరిగితే మా ఆయన దాని బదులు ఇనప గొట్టం పెట్టారు. వెనక గోడవైపుది పాతదే.

పదకొండు దాటాక టార్చి తీసుకుని వెళ్లాం, నేనూ పాపా. గూటి తలుపు చప్పుడు కాకుండా తీసింది పాప. మూడు కోళ్లు ఇనప గొట్టం మీద ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గవ్వ ఒక్కత్తే వెనక, తాటి దూలం మీద, గోడకి ఆనుకుని పడుకుని ఉంది. పొదుగు నుంచి వచ్చాక ముందు వరసలో చోటు దొరకలేదన్నమాట. టార్చి దాని కాళ్ల మీద పడింది.

దూలం కదులుతున్నట్టు అనిపించింది. పుచ్చకాయ గింజల్లాంటివి, బల్లపరుపుగా, మట్టిరంగువి, దూలం నెర్రెల్లోంచి బయటికి వచ్చి గవ్వ కాళ్ల మీదికి పాకుతున్నాయి. కొన్ని అప్పటికే దాని తొడల దగ్గర ఈకల్లో ఉన్నాయి. తాగినవి ఉబ్బి నీలంగా, బూడిద రంగు ద్రాక్షగింజల్లా వేలాడుతున్నాయి. వెలుతురు పడగానే గబగబా నెర్రెల్లోకి తిరిగి వెళ్లిపోయాయి. మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గవ్వ కళ్లు తెరిచి మావైపు చూసి, చిన్నగా గొంతులో చప్పుడు చేసింది, మిషను కింద చేసే చప్పుడే.

ఎత్తుకుని తీసుకొచ్చేశాను. ఆ రాత్రి వసారాలో దీపం కింద కూర్చుని దాని ఈక ఈకా విడదీసి చూస్తూనే ఉన్నాను. రెక్కల కింద ఆవగింజలు ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి. అవి రక్తపు గడ్డలు కావు. ఈ పిడుదుల పిల్లలు.

మర్నాడు సీసాలో నాలుగు పట్టుకెళ్లి చూపించాను. కోడి పిడుదులు, కొందరు గోమార్లంటారు, అని డాక్టరుగారు చెప్పారు. పశువుల మీద ఉండే పిడుదులు రోజుల తరబడి ఒంటికే పట్టుకుని ఉంటాయి కాబట్టి కనిపిస్తాయి. ఇవి అలా కాదు. పెద్దవి పగలంతా చెక్క నెర్రెల్లో, గోడ పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి వచ్చి తాగి, తెల్లారకముందే వెళ్లిపోతాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. చిన్న పిల్లలు మాత్రం కొన్ని రోజులు రెక్కల కింద కరుచుకుని ఉంటాయి, అవే నా ఆవగింజలు. రక్తం పోవడం ఒక్కటే కాదు, ఇవి ఒక కోడి నుంచి ఇంకో కోడికి జ్వరం కూడా మోసుకెళ్తాయట. గవ్వకి ఆ జ్వరం రాకపోవడం అదృష్టం అన్నారు.

అప్పుడు అన్నీ ఒకదానికొకటి కలిశాయి. పొదిగిన 21 రోజులూ గవ్వ గంప ఆ వెనక గోడ మూలే ఉంది. రాత్రింబవళ్లు కదలకుండా కూర్చున్న కోడి అంటే వాటికి తెరిచిన హోటలే. తుఫానుకి రెండు రోజులు గూటి తలుపు తియ్యలేదు, లోపలంతా చీకటి. మిగతా మూడూ ఇనప గొట్టం మీద. ఇనుముకి నెర్రెలుండవు. అందుకే అవి బాగున్నాయి. కడుపులో పురుగులు నిజమే, పిడుదులు రక్తం తాగింది కూడా నిజమే. ఒకటి దొరకగానే రెండోది వెతకడం మానేశాను నేను.

గూడు ఖాళీగా వదిలేస్తే అవే చస్తాయిలే అన్నారు మా ఆయన. అలా కాదు. ఈ పిడుదులు మేత లేకుండా నెలలకి నెలలు, ఏడాదికి పైన కూడా బతికి ఉంటాయట. కాబట్టి తాటి దూలం పీకి ఆ రోజే దొడ్లో తగలబెట్టాం. పటపటమని చిటిలిన చప్పుడు దూలానిదో వాటిదో తెలియలేదు. కోళ్లని వసారాలోకి మార్చి, మరిగే నీళ్లు గూటి గోడలకి, మూలలకి పోశాం. డాక్టరుగారు రాసిచ్చిన మందు పగుళ్లలోకి దిగేలా కొట్టి, పూర్తిగా ఆరనిచ్చాం. గూటికి కొట్టేది వేరు, కోడికి వాడేది వేరు. రెండిటినీ కలిపేసుకోకూడదని ఆయన రెండుసార్లు చెప్పారు. ఆ తరవాత గోడ నెర్రెలన్నీ సిమెంటుతో మూసి సున్నం వేశాం. రెండు వారాలకి మందు మళ్లీ కొట్టాం. ఇప్పుడు వెనకవైపు కూడా ఇనప గొట్టమే, గోడకి తగలకుండా జానెడు దూరంలో. గొట్టం చివరలు ఆనే చోట కూడా వారానికోసారి రాత్రి టార్చి వేసి చూస్తున్నాను.

మా అత్తయ్యగారు ఈ పని జరిగినన్నాళ్లూ మంచం మీద నుంచి, "మూల చూశారా? తలుపు మడత చూశారా?" అని అడుగుతూనే ఉన్నారు. తలుపు మడతబందు వెనక నిజంగానే గుప్పెడు ఉన్నాయి.

గవ్వ వసారాలోనే నెల రోజులు ఉంది. మళ్లీ చెదలు, గుడ్డు, మునగాకు. కార్తీకం అయిపోయాక మటన్ కొట్టు నుంచి కొంచెం కార్జం కూడా తెచ్చి సన్నగా తరిగి పెట్టాను. పాప ప్రతి ఆదివారం క్యాలెండరు వెనక అంకె వేస్తోంది. 1,150. 1,240. 1,310. ఆ ఏడాది క్యాలెండరు అయిపోయినా తీసెయ్యనివ్వలేదు, కొత్తదాని వెనకే తగిలించింది. తురాయి మొదట అంచుల్లో ఎర్రబడి, తరవాత లోపలికి పాకింది. పిన్నిగారు సంక్రాంతి అరిసెలు ఇవ్వడానికి వచ్చి, వసారాలో గవ్వని చూసి, కూర్చుని, చేత్తో ఎత్తి చూసి, "బరువొచ్చిందే" అన్నారు. తరవాత వాళ్ల గూటికి కూడా ఒకసారి టార్చి తీసుకుని రమ్మని నన్ను పిలిచారు. వెళ్లాను. వాళ్లది రేకుల గూడు, ఏమీ లేవు.

పోయిన ఆదివారం 1,490. రాత్రి మేతసంచి నిండుగా ఉంది, పొద్దునకి ఖాళీ. రొమ్ము ఎముక ఇంకా వేలికి తగులుతుంది గానీ కోసుకోదు. ఈ రోజు పొద్దున తోక కింద వేళ్లు పెట్టి చూస్తే రెండు వేళ్లు పట్టాయి. ఇది రాస్తుంటే మిషను కింద పీలికల్లో గవ్వ ఒకటే తిరుగుతోంది. ముక్కుతో ఒక పీలిక లాగి వీపు మీద వేసుకుంటోంది, మళ్లీ లేచి చుట్టు తిరుగుతోంది, మళ్లీ కూర్చుంటోంది.

నేను మిషను తొక్కడం ఆపేశాను. జాకెట్లు రేపిచ్చినా పరవాలేదని పాపతో కబురు పంపాను.